ఓర్చుకుంటే అలవాటవుతుందనే మాట నమ్మకండి

ఆనల్ సెక్స్, అంటే మలద్వారం ద్వారా కలవడం గురించి మనవాళ్ళలో ఎవరైనా భయపడుతూ అడిగితే, అడిగింది స్నేహితురాలినైనా రూమ్మేట్‌నైనా, దాదాపు ఒకటే జవాబు వస్తుంది: "మొదట్లో నొప్పి తప్పదు, కాస్త ఓర్చుకో, తర్వాత అదే అలవాటవుతుంది." చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఆ సలహా పూర్తిగా తప్పు. నేను బెంగళూరులో ఒక ఆసుపత్రి సర్జరీ ఓపీలో నర్సును. ఆ మాట నమ్మినవాళ్ళలో కొంతమంది చివరికి మా ఓపీ బెంచీ మీదకు వస్తారు. అందుకే దీని గురించి ఇంత కచ్చితంగా రాస్తున్నాను. నొప్పి వచ్చిందంటే ఆగాలి. ఈ విషయంలో అన్నిటికంటే ముందు తెలియాల్సింది అదే, మిగతా జాగ్రత్తలన్నీ దాని తర్వాతే.

ఇది పద్దెనిమిదేళ్ళు దాటి, ఇద్దరూ కావాలనుకుని, కొత్తగా మొదలుపెట్టాలని చూసేవాళ్ళ కోసం. వద్దనుకునేవాళ్ళు నిశ్చింతగా మానుకోవచ్చు. ఇది చేయకపోతే దాంపత్యంలో ఏదో లోటు ఉన్నట్టు కాదు, చేస్తే ఏదో తప్పు చేసినట్టూ కాదు.

మా ఓపీకి మారతహళ్ళి, మహదేవపుర, కేఆర్ పురం వైపు నుంచి తెలుగువాళ్ళు చాలామంది వస్తారు. కడప, అనంతపురం, నెల్లూరు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే కాపురం పెట్టినవాళ్ళు. తెలుగు వినబడితే డాక్టరు నన్ను పిలుస్తారు. అలా ఒకరోజు కొత్తగా పెళ్ళైన ఒక అమ్మాయి వచ్చింది. కుర్చీలో తిన్నగా కూర్చోలేక ఒక పక్కకు ఒరిగి, హ్యాండ్‌బ్యాగును ఒళ్ళో రెండు చేతులతో అదిమి పట్టుకుని ఉంది. అడిగినవాటికి భర్తే జవాబులు చెబుతున్నాడు. "వేడి చేసింది సిస్టర్, ఈ మధ్య బయట తిండి ఎక్కువైంది." పరీక్ష కోసం ఆమెను లోపలికి తీసుకెళ్ళి, కర్టెన్ వేసి, "ఏమ్మా, మోషన్ గట్టిగా వస్తోందా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. కాసేపటికి మెల్లగా చెప్పింది. "మొదట్లో నొప్పి ఉంటాదని నాకు ముందే చెప్పినారక్కా. ఓర్చుకుంటే సరిపోతాదన్నారు. వారం నుంచి బాత్రూముకు పోవాలంటేనే భయమైతాంది."

"ఆపమని ఆయనకు చెప్పలేదా?"

"నొప్పి ఉండేదే కదా అని చెప్పలేదక్కా. చెప్పింటే ఆపేవాడే."

ఆ చివరి మాట దగ్గరే నా వాదనంతా ఉంది. అక్కడ బలవంతం లేదు. అతనికి తెలియదు, ఆమె చెప్పలేదు. నొప్పి మామూలే అని ముందే ఎవరో చెప్పి ఉంచడం వల్ల ఆమె ఒళ్ళు చేసిన హెచ్చరికను ఆమే పక్కన పెట్టేసింది. చర్మం చీలింది. దాన్నే ఫిషర్ అంటాం. గాజుపెంకుతో కోసినట్టు ఉండే నొప్పి అది, మోషన్‌కి వెళ్ళిన ప్రతిసారీ తిరగబెడుతుంది. నొప్పికి కండరం బిగుసుకుంటుంది, బిగుసుకున్న కండరానికి రక్తం సరిగా అందదు, రక్తం అందక గాయం మానదు. ఇలా చిన్న చీలిక వారాల తరబడి వేధిస్తుంది.

నొప్పి ఎందుకు వస్తుందో తెలిస్తే, అది తప్పనిసరి కాదని కూడా తెలుస్తుంది. మలద్వారం దగ్గర ఒకదాని లోపల ఒకటిగా రెండు కండరాల రింగులు ఉంటాయి. బయటి రింగు మన మాట వింటుంది. నలుగురిలో గ్యాస్ ఆపుకునేటప్పుడు బిగించేది దాన్నే. లోపలి రింగు మన మాట వినదు. మనం నిద్రపోతున్నా అది మూసుకునే ఉంటుంది. వదులవ్వమని మనసులో ఎంత అనుకున్నా వదులవదు. ధైర్యం, పట్టుదల లాంటివి దాని దగ్గర పనికిరావు. మనిషి కంగారు లేకుండా ఉండి, వేలితో కదలకుండా మెత్తగా ఒత్తి ఉంచితే, కొన్ని క్షణాలకో కొన్ని నిమిషాలకో దానంతటదే సడలుతుంది. తొందరపెడితే ఇంకా బిగుస్తుంది. చిన్నప్పుడు మట్టిగాజులు వేయించుకున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, చెయ్యి బిగబడితే గాజు పగిలేది, చర్మం గీరుకునేది. వేసే ఆమె చేతిని కాసేపు నిమిరి, మనం చెయ్యి వదిలేసేదాకా ఆగి, అప్పుడు ఎక్కించేది. ఇక్కడ పని కూడా అంతే.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ద్వారం నుంచి లోపలికి రెండు మూడు సెంటీమీటర్ల వరకు ఉన్న చర్మానికి, వేలి కొసకు ఉన్నంత స్పర్శ ఉంటుంది. హాయి తెలిసేదీ అక్కడే, నొప్పి తెలిసేదీ అక్కడే. ఆ పైన పేగు పొరకు సాగినట్టు, నిండినట్టు తెలుస్తుందే తప్ప కోసుకున్నా గీరుకున్నా సరిగా తెలియదు. అంటే లోపలి భాగంలో గాయమైతే మనకు కబురు ఆలస్యంగా అందుతుంది. అందుకే మెడికల్ షాపులో దొరికే లిగ్నోకైన్ జెల్లీ రాసుకుని మొదలుపెట్టే అలవాటు నాకు భయం కలిగిస్తుంది. కాస్తో కూస్తో హెచ్చరించే చోటును కూడా మొద్దుబార్చేస్తే, చీలిక పడిందని తెల్లారాకగానీ తెలియదు. నాలుగు పెగ్గులు వేసుకుని మొదలుపెట్టడం కూడా ఇదే బాపతు. పాపర్స్, అంటే మత్తు కోసం సీసాలోంచి పీల్చే నైట్రైట్ ఆవిరి వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక: వాటిని సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్రలతో కలిపితే బీపీ ప్రాణం మీదకు వచ్చేంతగా పడిపోతుంది.

మరి ఎలా మొదలుపెట్టాలి? మొదటి రోజు లోపలికి ఏదీ వెళ్ళనక్కర్లేదు. వేడినీళ్ళ స్నానం చేసి, తీరిక ఉన్న రోజు చూసుకుని, బయటినుంచే మెల్లగా తాకుతూ ఒళ్ళు ఆ స్పర్శకు కంగారు పడకుండా ఉందో లేదో చూసుకోవాలి. అక్కడితో ఆపేసినా ఆ రోజుకు చాలు. చాలామంది ముందు ఒంటరిగా, తమ వేలితోనే మొదలుపెడతారు, అది మంచి పద్ధతి. ఎక్కడ ఎంత ఒత్తితే బాగుందో, ఎక్కడ చివుక్కుమంటుందో తమకే తెలుస్తుంది. గోళ్ళు పొట్టిగా కత్తిరించి, అంచులు అరగదీసి ఉండాలి. పలచటి గ్లవ్ వేసుకుంటే ఇంకా మంచిది. జెల్ ధారాళంగా రాసి, వేలి కొసను ద్వారం మీద ఆనించి, కదపకుండా ఉంచాలి. ఊపిరి నిదానంగా బయటికి వదులుతూ, మోషన్‌కి వెళ్ళేటప్పుడు చేసినట్టు కొద్దిగా కిందికి తోస్తే బయటి రింగు తెరుచుకుంటుంది. వేలు వెళ్ళాక మళ్ళీ కాసేపు ఆగాలి. లోపలి రింగుకు టైమ్ కావాలి.

ఒక వేలు ఏ ఇబ్బందీ లేకుండా హాయిగా ఉన్నప్పుడే రెండో వేలు, అదీ ఇంకో రోజు అయినా ఫరవాలేదు. ఆ తర్వాతే భాగస్వామి. వారాలు పట్టొచ్చు. పట్టనివ్వండి. మోషన్ వస్తున్నట్టు, నిండుగా ఉన్నట్టు అనిపించడం మొదట్లో మామూలే, దానికి కంగారుపడక్కర్లేదు. మంట, చురుక్కుమనడం, కోసినట్టు అనిపించడం మామూలు కాదు. అవి వస్తే వెంటనే లాగేయకుండా, కదలడం ఆపి, ఊపిరి వదిలి, మెల్లగా బయటికి తీసుకుని ఆ రోజుకు ముగించాలి. ఒక్కసారిగా లాగినా చీలుతుంది. లోపలికి ఎంత, ఎంత వేగంగా అన్నది తీసుకునే మనిషి చేతిలోనే ఉండాలి. అందుకే మొదట్లో ఆ మనిషి పైన ఉండే భంగిమగానీ, ఇద్దరూ ఒకే పక్కకు తిరిగి పడుకునే భంగిమగానీ నయం. బోర్లా పడుకుంటే కదలిక ఎదుటివాళ్ళ చేతిలోకి పోతుంది.

జెల్ విషయంలో మనవాళ్ళ ఇళ్ళలో మొదట చేతికొచ్చేది కొబ్బరి నూనె. ఈ చోటుకు యోనిలా తనంతట తాను తడి ఊరదు, కాబట్టి జెల్ తప్పనిసరి. నూనెతో పేచీ కాండోమ్ దగ్గర వస్తుంది. కొబ్బరి నూనె, వ్యాజలీన్, బేబీ ఆయిల్ ఏదైనా సరే లాటెక్స్ కాండోమ్‌ను నిమిషాల్లో బలహీనపరుస్తుంది, అది చిరిగినట్టు కూడా తెలియదు. నీళ్ళతో చేసిన లూబ్రికెంట్ గానీ సిలికాన్ లూబ్రికెంట్ గానీ వాడాలి. నీళ్ళది త్వరగా ఆరిపోతుంది, మధ్యలో మళ్ళీ రాసుకోవాలి. సిలికాన్‌ది ఎక్కువసేపు ఉంటుంది కానీ సిలికాన్‌తో చేసిన బొమ్మలను పాడుచేయొచ్చు. నీళ్ళ జెల్స్‌లో కూడా గ్లిజరిన్ లాంటివి ఎక్కువగా ఉండి బాగా చిక్కగా ఉన్నవి పేగు పొరలోని నీటిని లాగేసి దాన్ని దెబ్బతీస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఇచ్చిన సూచనలో ఈ గాఢత, అంటే ఆస్మొలాలిటీ, కిలోకు 1200 మిల్లీఆస్మోల్‌లకు మించకూడదని, 380 లోపు ఉంటే మేలని ఉంది. ఈ అవసరానికి పీహెచ్ 5.5 నుంచి 7 మధ్య ఉండాలని కూడా ఉంది. ఆ అంకెలు అన్ని ట్యూబుల మీదా ఉండవు. వాసనలు, రుచులు, వేడి పుట్టించే గుణం అని రాసి ఉన్నవాటిని పక్కన పెడితే సగం గండం గడిచినట్టే. మెడికల్ షాపులో అడగడానికి మొహమాటమైతే, బెంగళూరులో కిరాణా తెచ్చే యాప్‌లోనే కాండోమ్‌లూ జెల్లూ దొరుకుతున్నాయి, పది నిమిషాల్లో గుమ్మం దగ్గరికి వస్తాయి.

శుభ్రత గురించి మనకున్న టెన్షన్ అవసరానికి మించినది. పురీషనాళం పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్ల పొడవుంటుంది, మోషన్ అయ్యాక మామూలుగా ఖాళీగానే ఉంటుంది. మోషన్‌కి వెళ్ళొచ్చి, బయట నీళ్ళతో శుభ్రంగా కడుక్కుంటే చాలామందికి అంతే చాలు. ఇంకా అనుమానంగా ఉంటే మెత్తటి రబ్బరు బల్బుతో కొద్దిగా గోరువెచ్చని మామూలు నీళ్ళు ఎక్కించి వదిలేయొచ్చు. సబ్బు వద్దు, షాపులో అమ్మే ఎనిమా మందులు వద్దు, రోజూ చేయడం అసలే వద్దు. పేగును కాపాడే జిగురు పొర కొట్టుకుపోతుంది. బాత్రూములో హెల్త్ ఫాసెట్ ఉంటుంది కదా, దాని ధారను లోపలికి పట్టడం చాలా ప్రమాదం, ఆ ప్రెషర్‌కు పేగు దెబ్బతినొచ్చు. అసలు మందు తిండిలో ఉంది. పీజీలో పూటపూటా తెల్లన్నం, పరోటా తినేవాళ్ళకు మోషన్ గట్టిగా, ముక్కలు ముక్కలుగా వస్తుంది. సంగటో, ఇక్కడివాళ్ళ రాగి ముద్దో, ఆకుకూరలో, పడుకునే ముందు నీళ్ళలో కలిపిన ఇసబ్‌గోలో తీసుకుంటే మోషన్ ఒక్కసారిగా సాఫీగా అవుతుంది, లోపల ఏమీ మిగలదు. అయినా ఎప్పుడో ఒకసారి కాస్త అంటుకోవచ్చు. పక్కన పాత టవల్ పెట్టుకుంటే దానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

పైల్స్ బయటికి వచ్చి ఉన్నా, ఫిషర్ ఉన్నా, విరేచనాలు పట్టుకున్నా ఇవన్నీ మానేదాకా వాయిదా వేయాలి.

బొమ్మలు వాడేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. అడుగు వెడల్పుగా, లోపలికి జారిపోకుండా ఉన్నదే వాడాలి. యోనికి లోపల అడ్డం ఉంది, ఇక్కడ లేదు, దారి పెద్దపేగులోకి పోతుంది. కండరం పట్టుకుని పైకి లాక్కుంటుంది కూడా. సీసాలు, కూరగాయలు, బల్లమీద కనబడిన సామాను ఏదీ పనికిరాదు. ఏదైనా లోపల ఉండిపోతే చిమటాలు, స్పూన్లు పెట్టి కెలకొద్దు, విరేచనాల మాత్ర వేసుకోవద్దు, రెండు రోజులు చూద్దామని కూర్చోవద్దు. నేరుగా ఎమర్జెన్సీకి రండి. అక్కడ పనిచేసేవాళ్ళకు అది కొత్తేమీ కాదు.

జబ్బుల సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. పేగు లోపలి పొర ఒకే వరస కణాలతో పలచగా ఉంటుంది, వైరస్‌కు అది సులువైన దారి. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా ప్రకారం, హెచ్‌ఐవీ ఉన్న మనిషితో ఏ రక్షణా లేకుండా 10,000 సార్లు కలిస్తే, తీసుకునే వ్యక్తికి వైరస్ సోకే అవకాశం యోని ద్వారా అయితే 8 సార్లు, మలద్వారం ద్వారా అయితే 138 సార్లు. మందులు క్రమంగా వాడి రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గినవాళ్ళ నుంచి సోకదు. మిగతా సందర్భాల్లో, అంటే పరీక్ష చేయించుకోనివాళ్ళందరి విషయంలో, కాండోమ్ వేసుకోవాల్సిందే. "గర్భం రాదు కదా" అని దాన్ని వదిలేసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. కాండోమ్ చిరిగి అనుమానం ఉంటే 72 గంటల లోపు పెప్ మందులు, అంటే హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందులు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసి అడగొచ్చు. హెపటైటిస్ బి, హెచ్‌పీవీ టీకాల గురించి కూడా డాక్టరును అడగండి. మలద్వార క్యాన్సర్లలో దాదాపు 90 శాతానికి హెచ్‌పీవీ అనే వైరసే కారణం, ఆ టీకా మగవాళ్ళకూ పనిచేస్తుంది. వెనక పెట్టిన వేలు గానీ బొమ్మ గానీ కాండోమ్ గానీ ముందు పెట్టకూడదు. అలా చేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఇంటికి పిలిచినట్టే. మార్చి, కడిగి, అప్పుడే.

మగవాళ్ళకు ఒక మాట. మలద్వారం లోపల ముందు గోడ వైపు, వేలు అందేంత దూరంలో ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. అక్కడ ఒత్తితే చాలామందికి హాయిగా ఉంటుంది. అది శరీర నిర్మాణం, దాన్నిబట్టి ఎవరు ఎవర్ని ఇష్టపడతారో తేలదు. భార్యతో ఈ కోరిక చెప్పుకోలేక లోలోపల నలిగేవాళ్ళున్నారు. మగవాళ్ళను ఇష్టపడే మగవాళ్ళ విషయానికొస్తే, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా, ఇష్టపూర్వకంగా కలిసే పెద్దవాళ్ళకు, ఇలాంటి సంబంధాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 377 సెక్షన్ వర్తించదని తీర్పు చెప్పారు. కాబట్టి డాక్టరు దగ్గర నిజం చెప్పడానికి చట్టం గురించి భయపడనక్కర్లేదు.

పెళ్ళైన ఆడవాళ్ళకు మాత్రం చట్టం ఇప్పటికీ అంత అండగా లేదు. దీన్ని చెప్పకుండా జాగ్రత్తల గురించి మాత్రమే మాట్లాడితే నేను సగమే చెప్పినట్టు. భార్యకు ఇష్టం లేకుండా భర్త చేసినది అత్యాచారం కాదనే మినహాయింపు పాత ఐపీసీ 375లో ఉండేది, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోనూ అలాగే ఉంది. 2022 మార్చిలో మన కర్ణాటక హైకోర్టు, భర్త అయినంత మాత్రాన అత్యాచారం కేసు నుంచి తప్పించలేమని ఒక కేసులో చెప్పింది. ఆ ఏడాదే జూలైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో 2017లో భర్త ఇలా బలవంతం చేశాక ఒక మహిళ ఆసుపత్రిలో చనిపోయింది. కింది కోర్టు పదేళ్ళ శిక్ష వేస్తే, 2025 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ మినహాయింపును చూపించి అతన్ని విడుదల చేసింది. ఆ తీర్పు వార్త చదివిన రోజు డ్యూటీలో నా మనసు మనసులో లేదు. ఆమెకు జరిగినది మాకు తెలియని గాయం కాదు.

అందుకే ఓర్చుకోమనే సలహా మీద నాకు ఇంత కోపం. చట్టం అడ్డుపడని చోట, ఆమె "వద్దు" అనే మాటే ఆమెకున్న రక్షణ. దాన్ని కూడా మనమే ముందుగా నోట్లో కుక్కి పంపిస్తున్నాం. భర్తలకు చెబుతున్నాను, ఆమె ఏమీ అనలేదు కాబట్టి ఇష్టమేనని అనుకోవద్దు. అడగండి. మధ్యలో కూడా అడగండి. పదిసార్లు అలిగి పదకొండోసారి ఒప్పించుకున్నది ఇష్టం కాదు, అలాంటప్పుడు కండరం కూడా సడలదు. మొదలుపెట్టే ముందే ఇద్దరూ ఒక మాట అనుకోండి, ఆ మాట వినబడితే కారణం అడగకుండా ఆగిపోవాలి. బలవంతం జరుగుతుంటే 2005 గృహహింస చట్టంలో లైంగిక హింస కూడా ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఒక్కోసారి తుడుచుకున్నప్పుడు సన్నని ఎర్ర గీత కనబడొచ్చు. మర్నాటికి తగ్గిపోతే గోరువెచ్చని నీళ్ళ టబ్బులో రోజుకు రెండు మూడుసార్లు పది పదిహేను నిమిషాలు కూర్చుని, ఇసబ్‌గోల్, నీళ్ళు ఎక్కువ తీసుకుని, పూర్తిగా మానేదాకా దాని జోలికి పోకుండా ఉంటే సరిపోతుంది. మోషన్‌కి వెళ్ళినప్పుడల్లా కోసినట్టుంటే ఓపీకి రావాలి. రక్తం ఆగకుండా వస్తున్నా, కడుపు నొప్పితో గట్టిపడినా, జ్వరం వచ్చినా అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్ళాలి, మధ్యలో ఏమీ తినకూడదు, తాగకూడదు.

వచ్చాక ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి. "వేడి చేసింది" అంటే మేం మలబద్ధకానికి మందిచ్చి పంపేస్తాం, అసలు గాయం అలాగే ఉండిపోతుంది. పక్కన భర్తో, అమ్మో, అత్తగారో ఉండగా చెప్పలేకపోతే వాళ్ళను బయట కూర్చోమనే హక్కు మీకుంది. అది కూడా అడగలేకపోతే బీపీ చూసేటప్పుడు నర్సు చెవిలో ఒక్క ముక్క వేయండి, వాళ్ళను బయటికి పంపే పని మేం చూసుకుంటాం.